గేటుకు వీపు పెట్టని మనిషి

ఆయన ముఖం కంటే వీపు నాకు బాగా గుర్తు. నీలం యూనిఫాం చొక్కా, భుజాల మధ్య చెమట మరక, కాలరు ఊడిన చోట ఎర్ర దారంతో వేసిన కుట్లు. మూడేళ్ళకు పైగా, ఆఫీసు ఉన్న ప్రతి రోజూ ఉదయం ఏడింటికి ఆ వీపు వెనక నిలబడి చేతులు ఆడించాను. ఆయన హైటెక్ సిటీలో మా ఆఫీసు టవరు రెండో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. మాకు తాయ్‌చీ అనే చైనా కసరత్తు నేర్పేవాడు. గార్డు గేటుకు వీపు పెట్టకూడదు కనుక మాకు పెట్టేవాడు.

కిందటి నెలలో పోయాడు. న్యుమోనియా. ఖాజాగూడలో వాళ్ళింటి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరి మనసులో ఒకటే ప్రశ్న. గుండెకు మంచిదని నలుగురికీ కసరత్తు నేర్పిన మనిషి దేనితో పోయాడు? అడగడానికి అందరికీ మొహమాటం. ఆయన భార్యకు లేదు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే చెప్పేస్తోంది.

"గుండె కాదు. గుండె మంచిగుండె. పెద్ద డాక్టరే చెప్పిండు, నీ గుండె పోరని గుండె లెక్క ఉన్నదని. ఊపిరితిత్తులే ధోకా చేసినయి."

ఆ మాట మూడోసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అక్కడ నవ్వకూడదని తల వంచుకున్నాను. పక్కాయన నా భుజం తట్టి ఓదార్చాడు.

ఆయన్ని మొదట చూసిన రోజున నేను కారును పూలకుండీలకు గుద్దాను.

నేను ఉండేది బాచుపల్లిలో. ఆరింటికి బయలుదేరకపోతే రోడ్డు మీదే సగం పూట పోతుంది. అందుకని ఏడు కాకముందే ఆఫీసుకు చేరి, తొమ్మిది దాకా కార్లో కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆ రోజు ఆరు వారాల సెలవు తర్వాత మళ్ళీ ఉద్యోగానికి వస్తున్నాను. గుండెలో రెండు స్టెంట్లు వేశారు. డాక్టరు నడవమన్నాడు. నేను నడవడం లేదు. బకెట్టు ఎత్తడం లేదు, మెట్లు ఎక్కడం లేదు, గట్టిగా తుమ్మడం కూడా లేదు. నాకు నా గుండె మీద నమ్మకం పోయింది.

గేటు దాటగానే ఒక ముసలి గార్డు కనిపించాడు. మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచింది. అరచెయ్యి బయటికి తిరిగి పక్కకు సాగింది. ఇంత మర్యాదగా దారి చూపే సెక్యూరిటీని నేను ఈ ఊళ్ళో చూడలేదు. చూపిన వైపే తిప్పాను. అక్కడ దారి లేదు. క్రోటన్ మొక్కల కుండీలు మూడు ఉన్నాయి.

కుండీలు పగిలాక కూడా ఆయన చెయ్యి ఆపలేదు. పూర్తిగా కిందికి దించి, ఊపిరి వదిలి, అప్పుడు వచ్చాడు.

"ఏంది సార్, గిట్లొచ్చిండ్రు?"

"మీరే కదండీ ఇటు చూపించారు?"

"నేను కారుకు చూపియ్యలే సార్. గిది గుండెకు."

అప్పటికి నా చెయ్యి ఛాతీ మీద ఉంది. ఆ రోజుల్లో అది అక్కడే ఉండేది. ఆయన దాన్ని చూశాడు.

"ఎన్నేసిండ్రు?"

"రెండండి."

"పదో ఫ్లోర్ మేనేజర్ సారుకు మూడు," అన్నాడు. మ్యాచి స్కోరు చెప్పినట్టు. "దిగుండ్రి. కుండీల సంగతి నేను చూస్త. మీరు జర నా యెనక నిలబడుండ్రి."

ఎందుకు నిలబడ్డానో తెలీదు. కుండీలు పగలగొట్టినవాడికి వాదించే హక్కు ఉండదనుకుంటాను.

ఆ పదో అంతస్తు మేనేజరు ఒక మీటింగులో కూలబడిన తర్వాత మా కంపెనీ గుండె ఆరోగ్యం కోసమని తాయ్‌చీ క్లాసు పెట్టించింది. లాబీ పక్కన అద్దాల గదిలో. ఒక శిక్షకురాలు వచ్చేది. మొదటి రోజు గది నిండిందట. మూడో వారానికి ఇద్దరు మిగిలారు. ఆ తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చి, కాసేపు చేసుకుని, సంతకం పెట్టి వెళ్ళేది. ఒక్క రోజు కూడా తప్పకుండా హాజరైనవాడు ఒకడే. అప్పట్లో లాబీలో డ్యూటీ చేస్తున్న మా గార్డు. కాకపోతే ఆయన గది బయట, అద్దానికి అవతల ఉన్నాడు.

అద్దంలోంచి చూపు వస్తుంది, మాట రాదు. అందుకని ఏ కదలికను ఏమంటారో ఆయనకు తెలియలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. చాట చెరుగుడు. బిందె దించుడు. కోతిని అదిలించుడు. బస్సు ఆపుడు. లిఫ్టు తలుపు పట్టుడు. చివరికి రెండు చేతులూ ముందుకు చాపి అరచేతులు పైకి తిప్పేదాన్ని ఐడీ కార్డు అడుగుడు అనేవాడు. మొత్తం కసరత్తుకు కూడా ఆయన పెట్టిన పేరు వేరే. నిమ్మళం క్లాసు.

"ఉరుకుడు గుండెకు భయపెట్టి చెప్పుడు సార్," అనేవాడు. "గిది బతిమాలి చెప్పుడు. మీ గుండె ఇప్పుడు అలిగి కూసున్నది. బతిమాలాలె."

ఆ క్లాసులో నాతో పాటు గేటు బయట ఇడ్లీ బండి పెట్టే యాదమ్మ, మా ఆఫీసులోనే పనిచేసే గుంటూరు అమ్మాయి సుజాత, ఎక్కడ దిగాల్సినవాళ్ళు అక్కడ దిగిపోయాక ఖాళీగా ఉండే ఒకరిద్దరు క్యాబ్ డ్రైవర్లు ఉండేవాళ్ళు. పార్కింగులో, గేటుకు పది అడుగుల దూరంలో. మేము ఆయన వెనక. ఆయన గేటు వైపు చూస్తూ.

మా ముఖాలు చూడకుండా మాకెవరికైనా ఆయాసం వస్తోందని ఎలా తెలుస్తుంది? దానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. కసరత్తు చేసినంత సేపూ అందరూ మాట్లాడుతూనే ఉండాలి.

"మాట వస్తున్నదంటే ఊపిరి సరిపోతున్నట్టు. మాట బందైతే కాళ్ళు కూడా బంద్ చెయ్యాలె."

తర్వాతెప్పుడో మా డాక్టరుకు చెబితే, ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత శ్రమే నాలాంటివాళ్ళకు చాలన్నది వాళ్ళూ చెప్పే మాటేనన్నాడు. ఇంకెవరికైనా ఆ నియమం సులువు. నాకు కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తాను. వాటిని ఎవరూ చదవరు, నాతో ఎవరూ మాట్లాడరు. ఆ ఏర్పాటు నాకు హాయిగా ఉండేది. ఇక్కడ నేను రెండు నిమిషాలు నోరు మూసుకుంటే క్లాసు ఆగిపోయేది.

"ఏం సార్, సప్పుడు లేదు?"

"బాగానే ఉన్నానండి."

"బాగుంటే మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడమంటారు?"

"నిన్న రాత్రి ఏం కూర తిన్నరు?"

"బీరకాయ అండి."

అలా మొదలైంది. రోజూ చాట చెరుగుతూ మా ఇంటి కూర, అందులో వేసినవి, వేయనివి వరసగా చెప్పేవాణ్ణి. యాదమ్మకు మా వంటింటి మీద పూర్తి అధికారం వచ్చేసింది.

"మల్ల బీరకాయేనా! మొన్ననే తింటివి గద సార్. మేడమ్‌కు ఇంకో కూర రాదా?"

"వచ్చు కానీ, నూనె తక్కువ పట్టేది అదేనని..."

"నువ్వే వండరాదు మరి? చేతులు మంచిగనే తిరుగుతున్నయి."

ఒకసారి ఆవిడ క్లాసు మధ్యలో నా నోట్లో ఇడ్లీ ముక్క పెట్టింది, చట్నీ రుచి చూడమని. నేను మాట్లాడలేకపోయాను. ఆయన తల తిప్పకుండానే "సార్ సప్పుడు బందైంది!" అని కేకేశాడు. డ్రైవర్లిద్దరూ నన్ను చెరో రెక్కా పట్టుకుని కింద కూర్చోబెట్టారు. ఇడ్లీ మింగి, బతికే ఉన్నానని చెప్పుకోవడానికి చాలా సమయం పట్టింది.

ఆర్నెల్ల తర్వాత పరీక్షకు వెళ్తే రక్తపోటు తగ్గింది. మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నాను. డాక్టరు కాగితాలు చూసి సంతోషించాడు.

"ఏం చేస్తున్నారు?"

"చాట చెరుగుతున్నానండి," అన్నాను, ఆలోచించకుండా.

కాగితాల మీద నుంచి తలెత్తి నా వంక చూశాడు. కోతిని అదిలించడం గురించి నేనిక చెప్పలేదు.

మూడో ఏడు ఆఫీసు పచ్చిక మీద ఆరోగ్య దినం పెట్టారు. అద్దాల గదిలో నేర్పిన ఆ శిక్షకురాలినే మళ్ళీ పిలిచారు. మా నిమ్మళం క్లాసు అందరికంటే ముందు వరసలో నిలబడింది. ఆయన ఆ రోజు డ్యూటీ మార్చుకుని, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మాకు గర్వంగా ఉంది. వెనక ఉన్న రెండు వందల మందికీ ఏమీ రాదు, మాకు అన్నీ వచ్చు.

శిక్షకురాలు అందరూ తన కుడీ ఎడమా సరిగ్గా పట్టుకోవాలని మాకు వీపు పెట్టి మొదలుపెట్టింది. ఆవిడ కుడికి కదిలింది. వెనక రెండు వందల మందీ కుడికి కదిలారు. మేము ఐదుగురం, ఎంతో అందంగా, ఎడమకు కదిలాం. నేను కోతిని అదిలిస్తుండగా పక్క వరసలోని ఎవరో తన కోతిని నా మీదికి అదిలించారు. సుజాత ఒక డైరెక్టరు కాలు తొక్కింది. పిలవకపోయినా వచ్చిన యాదమ్మ బస్సు ఆపబోతే, ఆవిడ మోచెయ్యి హెచ్ఆర్ పెద్దాయన ముక్కుకు తగిలింది.

శిక్షకురాలు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, ఇంకోసారి చెయ్యమంది. చేశాం. ఆవిడ ముఖం మారింది.

"ఇది నా క్లాసే. కానీ అంతా తిరగేసి ఉంది. ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆయన చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "మీ దగ్గర్నే మేడమ్."

"నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే!"

"నేను అద్దానికి అవుతల ఉంటి."

సంగతి అప్పుడు తేలింది. ఆయన ఆవిడకు ఎదురుగా నిలబడి నేర్చుకున్నాడు. ఆవిడ కుడి చెయ్యి ఎత్తితే ఈయన, అద్దంలో చూసుకున్నట్టు, ఎడమ చెయ్యి ఎత్తాడు. లోపలివాళ్ళకు ఆవిడ చెప్పే ఉంటుంది, వైపు మార్చుకోమని. ఆ మాట అద్దం దాటి రాలేదు. ఆయన వీపు చూసి నేర్చుకున్న మేమంతా ఆయనలాగే తయారయ్యాం.

శిక్షకురాలు మంచిది. ఇందులో ప్రమాదమేమీ లేదని, రెండు వైపులా చెయ్యడం ఇంకా మంచిదని చెప్పింది. ఆయన వెంటనే "గుండె ఉండేదే ఎడమకు గద మేడమ్, అందుకే మేము ఆడికెళ్ళి షురూ చేస్తం," అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు ఏడింటికి వెళ్తే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇగ బంద్ సార్. రెండు స్టెంట్లున్న మనిషికి ఇన్ని దినాలు ఉల్టా నేర్పిన. ఏమన్నైతే?"

"ఏమీ కాలేదు కదండీ."

"ఇంకా కాలే."

యాదమ్మ ఇడ్లీ పాత్ర మూత పెట్టి వచ్చింది. "ఉల్టా అయితేంది? నా మోకాళ్ళ నొప్పి పోయిందా లేదా? గది గూడ ఉల్టనే పోయిందా? లెవ్వు."

లేచాడు. కానీ అప్పటి నుంచీ చెయ్యి ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఏ చెయ్యో చూసుకునేవాడు.

ఆ తర్వాత రెండు నెలలకు నేనొక తెలివితక్కువ పని చేశాను. రిపోర్టులు బాగున్నాయి, మెట్లు ఎక్కుతున్నాను, ఇక ఎందుకులే అని ఒక మాత్ర మానేశాను. డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. పుస్తకాలు చదివేవాళ్ళకు వచ్చే జబ్బు ఇది. అన్నీ తెలుసనుకోవడం.

ఒక ఉదయం బిందె దించుతుండగా ఎడమ భుజం బరువెక్కింది. చెమట పట్టింది. క్లాసు మధ్యలో చెబితే బాగుండదని, అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి నేను సొరకాయ కూర గురించి చెబుతున్నాను. మాట మధ్యలో ఆగింది.

"సొరకాయల ఏమేసిండ్రు సార్?"

నేను జవాబు చెప్పలేదు. గేటు బయట ఎవరో పెద్ద ఉద్యోగి కారు హారను కొడుతోంది. గేటు తియ్యడానికి మా గార్డు అటు వెళ్ళాలి.

ఇటు తిరిగాడు.

అన్నేళ్ళలో క్లాసు జరుగుతుండగా ఆయన ముఖం చూడడం నాకు అదే మొదలు. నా ముఖంలో ఏం చూశాడో గాని, నన్ను పట్టుకుని గేటు తెరిచి, హారను కొడుతున్న ఆ కారులోనే వెనక సీటులో పడేశాడు. తనూ ఎక్కాడు.

"ఏయ్, ఎవరు నువ్వు? నాకు మీటింగుంది," అన్నాడు కారు ఓనరు.

"మీటింగు ఏడికి పోదు సార్. దవాఖానకు పోనియ్యుండ్రి. జల్ది!"

ఇంకో స్టెంటు వేశారు. ఆలస్యం కాకముందే వచ్చానన్నారు. సాయంత్రం ఐసీయూ బయట నుంచి ఆయన్ని ఒక్క నిమిషం లోపలికి వదిలారు. మంచం పక్కన నిలబడి, నర్సు దూరంగా వెళ్ళేదాకా ఆగి, చిన్నగా అడిగాడు.

"ఉల్టా చేసినందుకే అయ్యిందా సార్?"

అబద్ధం చెప్పే వీలు లేకపోయింది. మాత్ర మానేసిన సంగతి చెప్పాను. ఆయన ఐసీయూ అంతా వినబడేలా అందుకున్నాడు.

"గోలీ బంద్ చేస్తివా? నేను జెప్పిన్నా బంద్ చెయ్యమని? కసరత్తు కసరత్తే, గోలీ గోలీయే! చదువుకున్నోళ్ళకు మల్ల వేరే చెప్పాల్నా?"

నర్సు వచ్చి బయటికి పంపేసింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఇప్పుడు మేనేజరు సారుకు, నీకు బరాబర్," అన్నాడు. ఆయన నన్ను నువ్వు అన్నది ఆ ఒక్కరోజే. నేను తిరిగి క్లాసుకు వచ్చేసరికి మళ్ళీ మీరులోకి వెళ్ళిపోయాడు. చెయ్యి ఎత్తే ముందు ఆగడం కూడా మానేశాడు. కాకపోతే క్లాసు మొదట్లో హాజరు తీసుకోవడం మొదలుపెట్టాడు. "గోలీలు ఏసుకున్నరా?" "ఏసుకున్నామండి." ఏ మాత్రా వాడని సుజాత కూడా ఏసుకున్నాననాలి.

గేటు విడిచి వెళ్ళినందుకు సెక్యూరిటీ ఏజెన్సీవాళ్ళు ఆయనకు మెమో ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంటే నా చేత చదివించుకున్నాడు. నేను ఇబ్బంది పడుతూ చదివాను.

"గేటు ఏడికి పోతది సార్? ఆడ్నే ఉంటది," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దాన్ని మళ్ళీ ఖాజాగూడలో చూశాను. ఆయన ఫొటో పక్కన, గోడ మీద, ఫ్రేము కట్టి ఉంది. వచ్చినవాళ్ళు తగ్గాక ఆయన భార్య దాన్ని తీసి కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"కంపెనోళ్ళు ఇచ్చిన సర్టిఫికెట్ సార్. గేటు కాడ మంచిగ చేసినందుకని చెప్పిండు. గండ్ల ఏం రాసిండ్రో జర చదువుండ్రి. నేను ఇంగ్లీషు సదువలే."

డ్యూటీ సమయంలో అనుమతి లేకుండా గేటు విడిచి వెళ్ళాడని, మళ్ళీ జరిగితే ఉద్యోగం నుంచి తీసేస్తామని ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం నా ఉద్యోగం. ఒక్క మాట ఎక్కువ రాయనని నాకు పేరు కూడా ఉంది.

"ఒక రోజు పొద్దున ఒక మనిషికి బాగాలేకపోతే, గేటు విడిచిపెట్టి దవాఖానకు తీసుకెళ్ళాడని రాశారండి," అన్నాను.

ఆవిడ ఫ్రేము తీసుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే రాసిండ్రు. ఆ మనిషి పేరు రాయలేదా?"

"లేదండి."

"బతికిండా మరి?"

"బతికాడండి. మాత్రలు వేసుకుంటున్నాడు."

సోమవారం ఏడింటికి పార్కింగులో అందరం కలిశాం. ఎవరో ఒకరు ముందు నిలబడాలి. యాదమ్మ నన్ను ముందుకు తోసింది. "సారే నిలబడాలె. మూడు స్టెంట్లున్నయి, సీనియరు."

ఎటు తిరిగి నిలబడాలో ఆలోచించలేదు. గేటు వైపు తిరిగాను. అక్కడ కొత్త గార్డు ఉన్నాడు, గేటును చూసుకోవడం నా పని కాదు. అయినా అటే తిరిగాను. ఎడమ చెయ్యి ఎత్తాను.

వెనక ఎవరూ మాట్లాడడం లేదు. చాట చెరగడం అయింది. బిందె దించడం అయింది. చప్పుడు లేదు. వాళ్ళకు ఊపిరి సరిపోతోందో లేదో నాకు తెలియడం లేదు. ఆయన అడిగినట్టు అడగాలనుకుంటూనే చెయ్యి తిప్పాను. ఇన్నేళ్ళూ ఆయన వెనక నిలబడ్డాను గాని, ముందు నిలబడేవాడికి ఇది ఎంత భయంగా ఉంటుందో నాకు తట్టలేదు.

కోతిని అదిలించి, బస్సు ఆపుడులోకి వచ్చాను. చెయ్యి నెమ్మదిగా పక్కకు సాగుతోంది. అప్పుడే గేటు దాటి ఒక తెల్ల కారు లోపలికి వచ్చింది. నడిపేవాడు కొత్తవాడై ఉండాలి. నా చెయ్యి చూశాడు. తల వంచి కృతజ్ఞతలు చెప్పాడు. చెయ్యి చూపిన వైపు తిప్పాడు.

మూడు కుండీలు.

నేను చెయ్యి ఆపలేదు. పూర్తిగా కిందికి దించి, ఊపిరి వదిలాను. కారులోంచి ఒక కుర్రాడు దిగి కోపంగా వచ్చాడు.

"మీరే కదా సార్ ఇటు చూపించింది?"

"అది కారుకు కాదండి," అన్నాను. "గుండెకు."

వెనక యాదమ్మ పకపకా నవ్వింది. సుజాత అందుకుంది. డ్రైవర్లలో ఒకడు కుండీల ఖరీదు, ఇంకొకడు ఆ కుర్రాడి డ్రైవింగు గురించి మొదలుపెట్టారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"రాత్రి ఏం కూర సార్?" అని అరిచింది యాదమ్మ.

"బీరకాయండి," అన్నాను, గేటు వైపే చూస్తూ.